ఇంట్లో మిగిలిన క్యాసెట్లు: ముందు ఏది ఎక్కించాలి, ఎలా ఎక్కించాలి

రెడ్డిగూడెం, కుదప, మద్దులపర్వ, నాగులూరు. మామిడి తోటల మధ్య ఉన్న ఈ ఊళ్లలో పాత ఇళ్ల అటకల మీద, ఇనప్పెట్టెల అడుగున ఇప్పటికీ క్యాసెట్లున్నాయి. పండక్కి పిల్లలు హైదరాబాదు నుంచో అమెరికా నుంచో వచ్చినప్పుడు ఎవరో ఒకరు ఆ పెట్టె దించి, "ఇవన్నీ పెన్‌డ్రైవులోకి ఎక్కించేద్దాం" అంటారు. అనడం తేలికే. కానీ టేపు ఎంతసేపు పాడుతుందో ఎక్కించడానికీ అంతసేపు పడుతుంది. వంద క్యాసెట్లుంటే వంద గంటలు దాటుతుంది. పండగ సెలవులు మూడు రోజులు. కాబట్టి ఎలా ఎక్కించాలో నేర్చుకునే ముందు, ఏది ముందు ఎక్కించాలో తేల్చుకోవాలి.

పెట్టెలో ఎక్కువ భాగం కొన్న క్యాసెట్లే ఉంటాయి. ఘంటసాల భగవద్గీత, డి.వి. సుబ్బారావు హరిశ్చంద్ర పద్యాలు, అయ్యప్ప భజనలు, సినిమా పాటలు. అవి మన చేతిలో పాడైనా లోకంలో ఇంకెన్నో కాపీలున్నాయి. చాలావరకు ఫోనులోనే దొరుకుతాయి, అదీ మన అరిగిపోయిన టేపు కంటే శుభ్రంగా. వాటి మీద సెలవులు ఖర్చు పెట్టకండి. వెతకాల్సింది ఖాళీ క్యాసెట్టు కొని ఇంట్లో రికార్డు చేసుకున్నవాటిని. అట్ట మీద బాల్‌పెన్నుతో "నవమి నాటకం రెండో భాగం" అనో, "తాతయ్య మాటలు" అనో రాసి ఉంటుంది. కొన్నిటి మీద ఏమీ రాసి ఉండదు. అలాంటి ఒక్కో టేపూ ప్రపంచం మొత్తానికి ఒక్కటే కాపీ.

వాటిలో ఏముంటుంది? శ్రీరామనవమి పందిట్లో తెల్లవార్లూ ఆడిన పద్యనాటకం, సంక్రాంతికి చెప్పించిన బుర్రకథ, పెళ్లిలో ముత్తయిదువులు పాడిన మంగళహారతులు, చర్చిలో క్రిస్మస్ పాటలు, గల్ఫు వెళ్లినవాళ్లు ఉత్తరం బదులు మాట్లాడి పంపిన క్యాసెట్టు. చదువు రాని తల్లికి కొడుకు గొంతు వినిపించిన ఉత్తరం అది. ఇలాంటివి ఏ కంపెనీ దగ్గరా ఉండవు.

ఈ ప్రాంతానికి ఇది ఇంకాస్త ఎక్కువగా వర్తిస్తుంది. 2022లో జిల్లాలు విడిపోయి నూజివీడు ఏలూరు జిల్లాకు, రెడ్డిగూడెం ఎన్టీఆర్ జిల్లాకు వెళ్లాయి గానీ, పాత కృష్ణా జిల్లాలో ఈ మెట్ట భాగమంతా పాటకీ పద్యానికీ పేరున్న నేల. పనస కర్రతో వీణలు చేసే నూజివీడు ఒక పక్క. మరో పక్క మైలవరం. అక్కడి జమీందారు పోషణలో నడిచిన బాలభారతి నాటక సమాజంలో యడవల్లి సూర్యనారాయణ లాంటి నటులు వేషం కట్టారు. ఆ తరం గొంతుల్లో కొన్ని గ్రామఫోను రికార్డుల్లోకి ఎక్కాయి. తర్వాతి తరంలో ఊరూరా హార్మోనియం పెట్టుకుని పద్యం పాడిన వందలమందిని మాత్రం ఏ కంపెనీ పిలవలేదు. వాళ్ల గొంతు మిగిలి ఉంటే, ఎవరో అభిమాని పందిట్లో టూ-ఇన్-వన్ పెట్టి రికార్డు చేసిన క్యాసెట్టులోనే మిగిలి ఉంటుంది.

క్యాసెట్టును ఫిలిప్స్ కంపెనీ 1963లో బెర్లిన్ ప్రదర్శనలో బయటపెట్టింది. దాన్ని రూపొందించిన జట్టుకు పెద్ద లూ ఓటెన్స్. లోపల ఉండేది 3.81 మిల్లీమీటర్ల వెడల్పున్న పల్చటి ప్లాస్టిక్ రిబ్బను. దాని మీద ఇనుప ఆక్సైడు పొడిని జిగురుతో పూస్తారు. సెకనుకు 4.76 సెంటీమీటర్ల వేగంతో అది హెడ్డు ముందు నుంచి సాగుతుంటే, గొంతులోని ఎగుడుదిగుళ్లు ఆ పొడిలో అయస్కాంత గుర్తులుగా పడతాయి. పక్కకి 45 నిమిషాలు పలికే సి-90లో దాదాపు 130 మీటర్ల టేపు ఉంటుంది. ఆరు గంటల నాటకానికి సి-90లు నాలుగు కావాలి. ప్రతి 45 నిమిషాలకూ ఎవరో లేచి తిప్పి వేయాలి. అందుకే పాత నాటకం టేపుల్లో ఒక పద్యం సగంలో తెగి, రెండో పక్క మధ్యలోంచి మొదలవుతుంది. తెగిన ఆ ముక్క ఇక దొరకదు. పక్క ఊరివాళ్లెవరైనా అదే రాత్రి వేరే మిషనులో రికార్డు చేసి ఉంటే తప్ప. అలా చేసినవాళ్లు ఉండేవారు కూడా, అడిగి చూడాలి.

టేపు ఎందుకు పాడవుతుంది? పొడిని పట్టి ఉంచే జిగురు ఏళ్లు గడిచేకొద్దీ గాలిలోని తేమను పీల్చుకుని బలం కోల్పోతుంది. మన వానాకాలపు చెమ్మకు టేపు చుట్ట అంచుల మీద తెల్లటి బూజు పడుతుంది. మే నెలలో రేకుల కప్పు కింద అటక మీద పెట్టిన క్యాసెట్టుకు పైడొక్కు వంగిపోతుంది. టేపును హెడ్డుకు ఆనించి ఉంచే చిన్న మెత్త, రాగిరేకు స్ప్రింగు మీద జిగురుతో అంటించినది, ఊడి పడిపోతుంది. అప్పుడు గొంతు ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టు వినిపిస్తుంది. చాలామంది అక్కడే "టేపు పోయింది" అని పారేస్తారు. టేపు పోలేదు, మెత్త పోయింది. ఇంకో క్యాసెట్టు డొక్కులోకి ఆ చుట్టలు మారిస్తే మళ్లీ పలుకుతుంది.

నిజానికి టేపు కంటే ముందు దాన్ని పలికించే మిషన్లు అయిపోతున్నాయి. 2019లో యునెస్కో, అంతర్జాతీయ శబ్ద భాండాగారాల సంఘం అయిన ఐఏఎస్ఏ కలిసి మ్యాగ్నటిక్ టేప్ అలర్ట్ పేరుతో ప్రపంచాన్ని హెచ్చరించాయి. 2025 ప్రాంతానికల్లా టేపులు ఆడించే మంచి మిషన్లు, వాటి విడిభాగాలు, బాగుచేసే మనుషులు అరుదైపోతారని. ఆ గడువూ దాటిపోయింది. మన ఊళ్లలో ఒకప్పుడు ప్రతి సెంటర్లోనూ ఉన్న టేపు రికార్డరు మెకానిక్కులు ఇప్పుడు సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నారు. వాళ్లలో పాత పని తెలిసినవారు ఉంటే వెతికి పట్టుకోండి. ఈ పనికి కావలసిన అసలైన చేయి అది.

మిషను చేతికొచ్చాక కూడా వెంటనే క్యాసెట్టు పెట్టకూడదు. ముందుగా ప్రతి క్యాసెట్టుకూ వెన్ను వైపు మూలల్లో ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ పలకలు విరిచేయండి. అవి లేకపోతే రికార్డు బటన్ దిగదు, పొరపాటున తాతగారి గొంతు మీద ఫ్యాను చప్పుడు ఎక్కదు. తర్వాత బూజు పట్టినవి, నలిగినవి, తెగినవి విడిగా పెట్టండి. బూజు పట్టినదాన్ని మిషనులో పెడితే ఆ బూజు హెడ్డుకీ, తర్వాత వేసే క్యాసెట్లకీ అంటుకుంటుంది. దాన్ని ముట్టేటప్పుడు మూతికి మాస్కు ఉండాలి. తెగిన టేపును సెల్లోటేపుతో అతికించవద్దు. దాని జిగురు పక్క పొరలకు పాకుతుంది. టేపులు అతికించడానికే చేసిన సన్నటి టేపు ఆన్‌లైనులో దొరుకుతుంది, అదే వాడాలి.

మిషనులో బెల్టు సాగిపోయి ఉంటే కొత్తది వేయించాలి. హెడ్డును, టేపును లాగే సన్నటి ఇనుప కడ్డీని ఐసోప్రొపైల్ ఆల్కహాలు అద్దిన దూదితో తుడవాలి. రబ్బరు రోలరుకు సబ్బు నీళ్ల తడి గుడ్డ చాలు. ప్రయోగానికి ఒక సినిమా పాటల క్యాసెట్టు వేసి రెండు పక్కలా పూర్తిగా ఆడించి చూడండి. నలపకుండా, మింగకుండా సాగిందంటే అప్పుడు అసలువాటి వంతు. ఏళ్ల తరబడి కదలని టేపును పలికించే ముందు ఒకసారి ఈ చివర నుంచి ఆ చివరకు, మళ్లీ వెనక్కి చుట్టడం మంచిది. అంటుకున్న పొరలు విడతాయి.

ఇక్కడ కాస్త ఆగి హెడ్డు సెట్టింగు గురించి చెప్పాలి. ఈ పనిలో బాగా ఎక్కడానికీ అధ్వానంగా ఎక్కడానికీ తేడా ఎక్కువగా ఇక్కడే వస్తుంది, జనం పట్టించుకోనిది కూడా ఇదే. హెడ్డులో సన్నటి నిలువు చీలిక ఉంటుంది. రికార్డు చేసిన మిషనులో అది టేపుకు ఏ వాలులో నిలిచి ఉందో, ఇప్పుడు ఆడించే మిషనులోనూ సరిగ్గా అదే వాలులో ఉండాలి. సెకనుకు పదివేల కంపనాలుండే స్వరం టేపు మీద పట్టే పొడవు 5 మైక్రాన్ల లోపే, మన వెంట్రుక మందంలో పదో వంతు కూడా కాదు. కాబట్టి వాలు వెంట్రుకవాసి తప్పినా స, శ, చ లాంటి హల్లుల పదును పోతుంది. తాళాల మోత మందగిస్తుంది, ఎవరో నోటికి దుప్పటి అడ్డం పెట్టుకుని పాడుతున్నట్టు ఉంటుంది. హెడ్డు పక్కన స్ప్రింగు ఉన్న స్క్రూ ఒకటి ఉంటుంది. పాత మెకానిక్కులు టేపు నడుస్తుండగానే చిన్న స్క్రూడ్రైవరుతో దాన్ని పావు చుట్టు అటూ ఇటూ తిప్పుతూ చెవి పెట్టి వినేవారు. ఎక్కడ "స" బాగా తెగి వినిపిస్తుందో అక్కడ ఆపేవారు. ఇప్పుడూ చేయాల్సింది అదే. ప్రతి ఇంటి టేపూ వేరే మిషను మీద రికార్డయింది కాబట్టి, ప్రతి క్యాసెట్టుకూ ఈ సెట్టింగు మళ్లీ చేసుకోవాలి. అది తప్పుగా ఉండగా ఎక్కించినదాన్ని తర్వాత కంప్యూటర్లో ఎంత సాగదీసినా పోయిన పదును తిరిగి రాదు.

మరి టేపు నుంచి కంప్యూటరుకు? డెక్కు వెనక లైన్ అవుట్ ఉంటే దాన్నుంచి, లేకపోతే హెడ్‌ఫోను పిన్ను నుంచి ఒక వైరు తీసి, యూఎస్‌బీ ఆడియో పెట్టెకు, అక్కణ్నుంచి ల్యాప్‌టాపుకు. ల్యాప్‌టాపు మైకు పిన్నులోకి నేరుగా ఇవ్వకండి. అది మైకు బలహీన సంకేతానికి చేసిన దారి, టేపు సంకేతాన్ని పగలగొడుతుంది. బజారులో దొరికే చవక యూఎస్‌బీ క్యాసెట్టు ప్లేయర్లు వేగం ఊగిసలాడుతూ పలుకుతాయి. కొన్న క్యాసెట్లకు సరే, ఒక్కటే కాపీ ఉన్నవాటికి వద్దు. స్పీకరు ముందు ఫోను పెట్టి రికార్డు చేయడం అన్నిటికంటే నాసిరకం. అయినా వేరే దారే లేదంటే, ముక్కలై రాలిపోతున్న టేపుకు ఆ మాత్రమైనా చేయండి. ఏమీ లేకపోవడం కంటే అది నయం.

ఆడాసిటీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేరు సరిపోతుంది. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, వేవ్ ఫైలు. ఐఏఎస్ఏ భాండాగారాలకు చెప్పే కనీస ప్రమాణం కూడా ఇదే. మీటరు ముళ్లు అతి గట్టి చోట కూడా సున్నాకు కనీసం 6 డెసిబెళ్ల కింద ఉండేలా చూసుకోండి. సున్నా దాటితే గొంతు బద్దలవుతుంది, దాన్ని బాగుచేయలేం. డెక్కులో డాల్బీ బటన్ ఆపి ఉంచాలి. టూ-ఇన్-వన్‌లో రికార్డు చేసినవాటికి అది ఉండదు, ఆన్ చేస్తే గొంతు మొద్దుబారుతుంది. ఈ లెక్కన గంటకు ఒక జీబీకి కొంచెం ఎక్కువ అవుతుంది. వంద గంటలైనా వంద జీబీ చిల్లర. ఎంపీ3లో పెడితే గంట 60 మెగాబైట్లలోపే ఇమిడిపోతుంది గానీ, అది చుట్టాలకు వాట్సాపులో పంపడానికి. దాచుకోవడానికి వేవ్ మాత్రమే.

వేగం సంగతి ఒకటి ఉంది. పందిట్లో మిషనును బ్యాటరీల మీద నడిపి రికార్డు చేసినప్పుడు, సెల్లులు నీరసించే కొద్దీ టేపు నెమ్మదిగా నడిచింది. ఇప్పుడు సరైన వేగంతో ఆడిస్తే గొంతులు సన్నబడి పరుగెడతాయి. మీ మామయ్య గొంతు చిన్నపిల్లాడిలా వినిపిస్తే టేపుది తప్పు కాదు. సాఫ్ట్‌వేరులో వేగం తగ్గించుకోవచ్చు, కానీ ఎంత తగ్గించాలన్నదే ప్రశ్న. మైకు సెట్టు గుయ్యిమనే మోత టేపులో ఉంటే అదొక ఆధారం. అది కరెంటు నుంచి వచ్చే 50 హెర్ట్జ్ మోత, దాని రెట్టింపు 100. అయితే అప్పట్లో దక్షిణాది గ్రిడ్డులో లోడు పెరిగినప్పుడు ఫ్రీక్వెన్సీ 50 నుంచి 48 వైపు జారిపోయేది. కాబట్టి ఆ మోతనొక్కదాన్నే నమ్మకండి. హార్మోనియం వాయించిన పెద్దమనిషి ఎవరైనా ఉంటే పిలిచి వినిపించండి. ఆ నటుడు ఏ శ్రుతిలో పాడేవాడో ఆయన చెప్పేస్తారు, వేగం అక్కడ సరిపెట్టుకోవచ్చు.

ఇలా దిద్దినది, గరగర తగ్గించినది, తెగిన చోట అతికించినది, ఏదైనా సరే వేరే ఫైలుగా పెట్టుకోండి. మొదట టేపు నుంచి వచ్చింది వచ్చినట్టుగా ఉన్న ఫైలును ముట్టుకోవద్దు. గరగర తీసే సాఫ్ట్‌వేరు గొంతులోని ఊపిరినీ, వెనక ప్రేక్షకుడు "వన్స్ మోర్" అన్న కేకనూ కూడా గరగరే అనుకుని తీసేస్తుంది. పదేళ్ల తర్వాత ఇంతకంటే మంచి పనిముట్లు వస్తాయి. అప్పుడు వాటికి ఇవ్వడానికి ముడి ఫైలు ఉండాలి. ఎక్కించాక క్యాసెట్టునూ పారేయవద్దు. జిప్‌లాకు కవరులో వేసి, స్పీకర్లకు దూరంగా, ఇంట్లో ఎండ తగలని చల్లటి గదిలో నిలువుగా పెట్టండి.

ఇంతవరకూ చెప్పిందంతా డబ్బూ ఓపికా ఉంటే ఎవరైనా చేయగలిగేదే. డబ్బుకు దొరకనిది ఇంకొకటుంది. ఎక్కించిన ఫైలులో నలుగురు మాట్లాడుతున్నారు, ఎవరు ఎవరు? ద్రౌపది వేషం కట్టినది ఏ ఊరాయన? ఆ హారతి పాట పాడినావిడ పుట్టిల్లు ఏది? ఇది చెప్పగలిగినవారు ఇవాళ డెబ్బై, ఎనభై ఏళ్ల మనుషులు. టేపు ఇంకో పదేళ్లు ఆగినా ఆగవచ్చు, వాళ్లు ఆగకపోవచ్చు. పేరు తెలియని గొంతు మనవలకు ఉత్త చప్పుడే. అందుకే నేను చెప్పే క్రమం చాలామంది చెప్పేదానికి భిన్నంగా ఉంటుంది. ఎక్కువ పాడైన టేపు ముందు అంటారు అందరూ. ఇంట్లో పెద్దవాళ్లు గుర్తుపట్టగలిగిన టేపు ముందు అంటాను నేను. అమ్మమ్మనో, పెదనాన్ననో కూర్చోబెట్టి, ఎక్కిన ఫైలు వినిపిస్తూ, వాళ్లు చెప్పేదంతా ఫోనులో రికార్డు చేయండి. "ఇదిగో ఇక్కడ నవ్వింది సుబ్బయ్య గారి రెండో అమ్మాయి" అని వాళ్లనే అననివ్వండి. అదీ ఒక పత్రమే, దాన్నీ దాచండి.

ఈ రాతపని విలువ తెలియాలంటే ఈమాట పత్రికలో పరుచూరి శ్రీనివాస్ నడిపిన శబ్దతరంగాలు చూడాలి. పాత ఆకాశవాణి నాటకాలు, లలిత గీతాలు, రికార్డులు అక్కడ వినిపిస్తూ, ఎవరు పాడారు, ఎవరు రాశారు, ఎప్పటిది అని వెతికి పక్కనే రాశారు. ఆ వివరం వల్లనే అవి చరిత్రకు పనికొచ్చాయి. మరో ఉదాహరణ పల్నాటి వీరుల కథ. 1970లలో అలిసెట్టి గాలేయ్య పాడిన కథను జీన్ రోఘైర్ టేపుల మీదికి ఎక్కించి, ఎవరు పాడారు, ఏ సందర్భంలో పాడారు అన్నవి రాసుకుని, దాని మీద 1982లో ఆంగ్లంలో పుస్తకం తెచ్చారు. పాడినవాడి పేరు అందులో ఉంది. మన ఊరి బుర్రకథ క్యాసెట్టు మీద ఆ పేరు ఉందా?

ఫైలు పేరులోనే సంవత్సరం, ఊరు, సందర్భం, పక్క పెట్టండి. పక్కన ఒక చిన్న తెలుగు ఫైలులో మనుషుల పేర్లు, వరసలు. అట్ట రెండు వైపులా ఫొటో తీసి అదే ఫోల్డరులో. మూడు కాపీలు ఉండాలి. ఒకటి ఇంట్లో హార్డ్ డిస్కులో, ఒకటి వేరే ఊళ్లో ఉన్న అన్నదమ్ముల దగ్గర, ఒకటి క్లౌడులో. పెన్‌డ్రైవును నమ్మకండి. అది మోసుకెళ్లడానికి పనికొస్తుంది, దాచడానికి కాదు. ఏటా ఒకసారి తెరిచి చూడాలి, అయిదారేళ్లకోసారి కొత్త డిస్కుకు మార్చాలి. టేపు అటక మీద ముప్పై ఏళ్లు పడి ఉండి కూడా పలికింది. హార్డ్ డిస్కుకు అంత ఓపిక లేదు.

యూట్యూబులో పెట్టే ముందు ఒక మాట. ఇంట్లో వినడానికి ఎక్కించుకోవడం వేరు, లోకానికి వినిపించడం వేరు. మన కాపీరైటు చట్టం ప్రకారం విడుదలైన శబ్ద రికార్డు మీద హక్కు 60 ఏళ్లు, ప్రదర్శన మీద కళాకారుడి హక్కు 50 ఏళ్లు ఉంటుంది. పద్యం పాడినవారి కుటుంబం పక్క ఊళ్లోనే ఉంటుంది, వెళ్లి అడగండి. చాలావరకు వాళ్లు సంతోషిస్తారు. ఆ గొంతు వాళ్ల దగ్గర కూడా లేదు కాబట్టి. ఊరి ప్రదర్శనల టేపులు గణనీయంగా ఉంటే గురుగ్రామ్‌లోని ఆర్కైవ్స్ అండ్ రీసెర్చ్ సెంటర్ ఫర్ ఎత్నోమ్యూజికాలజీని సంప్రదించవచ్చు. 1982లో మొదలైన ఆ సంస్థ ఇలాంటి క్షేత్ర రికార్డింగులను సేకరించి భద్రపరుస్తుంది.

ఈ పనికి మంచి కాలం మామిడి కోతలు మొదలవక ముందే. ఫిబ్రవరి, మార్చి నెలల్లో గాలి పొడిగా ఉంటుంది, ఎండ ఇంకా ముదరదు, ఇంట్లో మనుషులకు తీరిక ఉంటుంది. పెట్టె దించి, చేతిరాత ఉన్న క్యాసెట్లు ఏరి, వాటి పలకలు విరవండి. వాటిలో పెద్దవాళ్లు పేరు పెట్టి చెప్పగలిగిన ఒక్కదాన్ని ఈ ఏడాదే వాళ్ల పక్కన కూర్చుని ఎక్కించండి.